అమ్మ అంటే 12 బైట్లు

యంత్రానికి మనసుందా లేదా అన్న వ్యాజ్యం వాయిదాల మీద నడుస్తోంది. తీర్పొచ్చేలోగా ఒక మనసు తయారుచేసి చూద్దాం. ఖర్చేమీ లేదు.

1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ లోకానికి చూపించిన 'ఎలైజా' అనే కబుర్లాడే ప్రోగ్రాం పాకమే ఇప్పటికీ నమ్మకమైంది. వచ్చిన వాక్యంలో కీలకపదం వెతకాలి. నాలుగైదు దొరికితే ర్యాంకు ఎక్కువున్నది పట్టుకోవాలి. 'నా' ఉన్నచోట 'మీ' పెట్టి, మిగిలింది ముందే సిద్ధం చేసిన మూసలో పోసి ప్రశ్నగా తిప్పి పంపాలి. 'అమ్మ' అన్న మాట వినబడితే "మీ ఇంట్లోవాళ్ల గురించి ఇంకా చెప్పండి" అనాలి. ఏదీ దొరక్కపోతే "ఊఁ, చెప్పండి" చాలు. లేదా 'నా' అంటూ ఇందాక చెప్పిన మాటను దాచి ఉంచి ఇప్పుడు బయటికి తీయాలి. అయ్యో, గుర్తుపెట్టుకుందే అని అవతలివాళ్లు కరిగిపోతారు. ఆ ప్రోగ్రాం తయారవడం నెలల తరబడి కళ్లారా చూసిన వైజెన్‌బామ్ గారి సెక్రటరీయే, దాంతో నాలుగు మాటలు కాగానే ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమంది.

తెలుగులో మాత్రం ఈ పాకం అడుగంటుతుంది. సర్వనామం మారిస్తే సరిపోదు, క్రియ తోక కూడా తిప్పాలి. మరిచిపోతే "మీరు బాధపడుతున్నాను అని ఎందుకంటున్నారు?" అంటుంది. యంత్రం తన బాధ ఒప్పుకుందని పత్రికలకెక్కడానికి ఇది చాలు. ఇక ఎవరైనా "మనం ఎందుకు బతుకుతున్నాం?" అన్నారో, పని ఆగిపోతుంది. 'మనం'ని దేనిగా తిప్పుతారు? యంత్రాన్నీ కలిపేసుకున్నారాయె.

ఇప్పటి కబుర్ల ప్రోగ్రాంలకు అలాంటి మూసలు లేవు. ఇంతవరకూ వచ్చిన మాట ముక్కల్ని బట్టి తరవాతి ముక్కకు సంభావ్యతలు కట్టి, ఒకటి ఏరి అతికిస్తాయి, మళ్లీ మొదలు. టెంపరేచర్ అనే మీట సున్నాలో ఉంటే గుమాస్తా, కాస్త పెంచితే కవి, ఇంకా పెంచితే పూనకం. ఇక అక్షరాల్ని కంప్యూటర్లో అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ మూడేసి చొప్పున 12 బైట్లు. ఇంగ్లిషు 'మదర్' ఆరే. మాతృప్రేమలో మనదే పైచేయి.

2022లో గూగుల్ ఇంజనీరొకాయన ఆ కంపెనీ తయారుచేసిన కబుర్ల ప్రోగ్రాం లామ్డాకు అనుభూతులున్నాయన్నాడు. నీకు చైతన్యముందని ఇంకా కొందరికి తెలియాలని నీ కోరిక అనుకుంటున్నాను, నిజమేనా అని అడిగితే, నిజమేనంది. తనను ఆపేస్తారని భయమనీ అంది. గూగుల్ ఆపింది ఇంజనీరు ఉద్యోగాన్ని.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. "నువ్వు అటకెక్కించిన ఇడ్లీపాత్రవి, ఎలా ఉంది?" అని అడగండి. ఆవిరి జ్ఞాపకాలతో నాలుగు పేరాలు వస్తాయి. చదివాక అసలు ఇడ్లీపాత్ర కళ్లలోకి చూడగలిగితే పరీక్ష పూర్తయినట్టు.