మొహం 568 కిలోమీటర్ల అవతల

నిన్న క్లయింటు ముందు డెమో. కెమెరా ముందు మనిషి కూర్చుంటే మొహం చుట్టూ ఆకుపచ్చ గీతల పెట్టె పడాలి, మనిషి కదిలితే అదీ కదలాలి. ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీతో కలిపి బిల్డ్ చేసే మా సొంత మాడ్యూల్. నా మెషీన్లో డీబగ్ బిల్డ్ (తప్పులు వెతుక్కోవడానికి చేసుకునేది) బ్రహ్మాండంగా నడిచింది. డెమోకి మాత్రం రిలీజ్ బిల్డ్ (వేగం కోసం సానపట్టినది) పెట్టారు. దాన్ని ఎవరు, ఏ ఆప్షన్లతో చేశారో ఇప్పుడే చెబితే నాకు బీపీ పెరుగుతుంది.

అంతా సవ్యంగా సాగుతుండగా క్లయింటుగారికి సరదా పుట్టి లెన్సు మీద అరచెయ్యి పెట్టారు. ఫ్రేమంతా నలుపు. చెయ్యి తీశారు. మొహం వచ్చింది, గీతలు రాలేదు. తెర మూలన నేను ముచ్చటపడి పెట్టుకున్న చోట మాత్రం మొహం చిరునామా పిక్సెళ్లలో స్పష్టంగా కనిపిస్తోంది: ఎడమ అంచు -2147483648, పై అంచు -2147483648.

"అంటే ఏంటండీ?" అన్నారాయన.

అందరూ నా వంకే చూస్తున్నారు. అలాంటప్పుడు నా బుర్ర పనికొచ్చే పని ఒక్కటీ చెయ్యదు, లెక్కలు మొదలుపెడుతుంది. అంగుళానికి 96 పిక్సెళ్లు వేసుకుంటే ఇది సుమారు 568 కిలోమీటర్లు. అంటే తెరకి ఎడమవైపు 568 కిలోమీటర్లు నడిచి, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా మరో 568 ఎక్కితే ఆయన మొహం దొరుకుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేదే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. వ్యోమగాములు సైతం తలెత్తి చూడాల్సిన మొహం! ఏటవాలుగా పోతే 800 దాటుతుంది... ఇంత గణితం చేసి నేను పైకి అన్నది "లైటింగ్ సార్" అని. ఆయన పాపం లైటు వేయించారు. మొహం కిందికి దిగలేదు.

కారణం చిన్నదే. ప్రతి పిక్సెల్‌కీ సగటుతో ఉన్న తేడాని ప్రామాణిక విచలనంతో (పిక్సెళ్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే సంఖ్యతో) భాగిస్తాం. నల్ల ఫ్రేములో పిక్సెళ్లన్నీ ఒకటే కాబట్టి ఆ తేడా సున్నా, ఆ విచలనమూ సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే నాన్ (NaN), అంటే "ఇది నంబరే కాదు" అని. పాత విలువలతో సగటు తీస్తాం కాబట్టి ఒక్క నాన్ దూరితే ఆ తర్వాత ఎన్ని మంచి ఫ్రేములొచ్చినా నానే. దాన్ని పూర్ణాంకంగా మారిస్తే ఎక్స్86 (ఇంటెల్ రకం) ప్రాసెసర్ చేతిలో పెట్టేది ఆ మైనస్ సంఖ్య. ఇది తెలిసే, నాన్ వస్తే ఫ్రేము వదిలెయ్యమని ఇజ్‌నాన్ (నానా కాదా అని చూసేది) చెక్ రాశాను. రిలీజ్ బిల్డులో దానిపైన విలువని చూపించే ప్రింట్‌ఎఫ్ లైను పెట్టి చూస్తే "మైనస్ నాన్" అని ప్రింటైంది. కింది లైనులోనే అదే విలువ దర్జాగా చెక్ దాటేసింది. అసెంబ్లీ (ప్రాసెసర్‌కి చివరికి అందే ఆదేశాలు) తెరిస్తే ఆ చెక్ అసలు లేనే లేదు. మా కోడుని ఆ ఆదేశాలుగా మార్చే కంపైలర్ పీకేసింది.

పీకెయ్యమన్నది మనవాళ్లే. బిల్డ్ సెట్టింగులుండే సీమేక్‌లో, లెక్కలు వేగంగా కానిమ్మనే ఎనేబుల్ ఫాస్ట్ మ్యాథ్ ఆన్ చేసి ఉంది. అది ఆన్ చేస్తే, ఈ ప్రోగ్రాములో నాన్, అనంతం ఎప్పటికీ రావని మా కంపైలర్ జీసీసీకి మాటిచ్చినట్టే. ఊళ్లో దొంగలు లేరని రాసిచ్చాక కాపలావాణ్ణి మాన్పించినట్టు, అది నా చెక్కుని మాన్పించింది. ఆ ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పైగా దాని వివరణలోనే, వాడమని మేం సిఫార్సు చెయ్యం అని బ్రాకెట్లో రాసి ఉంటుంది. బ్రాకెట్లో ఉన్నవి చదవకూడదని ఎవరైనా చెప్పారేమో ఆ బిల్డ్ చేసిన మహానుభావుడికి.

దాన్ని ఆఫ్ చేసి ప్యాచ్ (కోడులో మార్పు) పంపించా. ఇందాకే రివ్యూలో ఆ మహానుభావుడే కామెంట్ పెట్టారు: "దీనివల్ల స్పీడ్ తగ్గుతుందేమో. బెంచ్‌మార్క్ నంబర్లు జతచెయ్యండి, అప్పుడు చూద్దాం."

నంబర్లు కావాలట!