డిస్టెన్స్ మెడ్లీ అనే కలగూరగంపకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ డిస్టెన్స్ మెడ్లీ రిలే గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. నలుగురు నాలుగు వేర్వేరు దూరాలు పరిగెత్తి బ్యాటన్ అందించుకునే పందెం మీరు. ఒలింపిక్స్‌లో మీకు చోటు లేదు, ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లోనూ లేదు. 2015లో బహామాస్ రాజధాని నసావులో జరిగిన ప్రపంచ రిలేస్‌లో మిమ్మల్ని పంక్తిలో కూర్చోబెట్టారు. రెండేళ్ల తర్వాత అదే ఊళ్లో అదే పండగ చేసినప్పుడు మీ విస్తరి ఎత్తేశారు. అయినా ప్రపంచ రికార్డుల పట్టికలో మీ పేరు మాత్రం ఇంకా భద్రంగా ఉంది. రైలు ఆగడం మానేసిన స్టేషన్‌కి బోర్డు మిగిలినట్టు.

అన్ని దేశాలూ తమ మొనగాళ్లతో దిగితే మీలో గెలిచేదెవరని జనం కొట్టుకుంటూనే ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, మీ ఒంటి తీరుది. 1200, 400, 800, 1600 మీటర్లు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద మూడు రౌండ్లు, ఒకటి, రెండు, నాలుగు. ఒకే జట్టులో ముగ్గురు దూరం పరిగెత్తేవాళ్లు, వాళ్ల మధ్య పెళ్లివారింట్లో దారి తప్పిన బంధువులా ఒక 400 వీరుడు. ఏ దేశానికైనా ముగ్గురు దొరికితే నాలుగోవాడు దొరకడు. మీ సరదా అంతా ఆ నాలుగోవాడి మీదే నడుస్తోంది.

కాగితం లెక్క వేద్దాం. 1500 మీటర్ల టైమును 16తో హెచ్చవేసి 15తో భాగించి, అలుపు కింద ఒకటి రెండు సెకన్లు కలిపితే 1600 వస్తుంది. పారిస్ ఒలింపిక్స్‌లో కోల్ హాకర్ 3:27.65లో స్వర్ణం కొట్టాడు కాబట్టి ఆయన చివరి లెగ్ (తన వంతు పరుగు) సుమారు 3:43. అదే రేసులో కాంస్యం తెచ్చుకున్న యారెడ్ నుగూసేకి 1200 ఇస్తే 2:46. 400 వీరుడు క్విన్సీ హాల్‌ది 43.40 అయినా రద్దీలో పరుగు కాబట్టి 44 వేద్దాం. బ్రైస్ హోపెల్ 800కి 1:42. మొత్తం అమెరికా 8:55. ఇదే తూకం రాళ్లతో తూస్తే జోష్ కెర్, మాథ్యూ హడ్సన్-స్మిత్ ఉన్న బ్రిటన్ 8:57 దగ్గర తేలుతుంది. ఇమాన్యుయేల్ వాన్యోన్యి పారిస్‌లో 800ను 1:41.19లో ముగించినా, 400 దగ్గర మెతకబడి కెన్యా 8:59.

ఇక అసలు తమాషా. నసావులో అమెరికా నెలకొల్పిన అప్పటి ప్రపంచ రికార్డు 9:15.50. ఇంతకీ ఇదే లెక్కలో మన ఇండియా ఎంత? జిన్సన్ జాన్సన్ 2019లో బెర్లిన్‌లో 1500ను 3:35.24లో పరిగెత్తాడు కాబట్టి 1600కి 3:51. అజయ్ కుమార్ సరోజ్ 3:38.24ను బట్టి 1200కి 2:55. టి.కె. విశాల్ 2025 ఆగస్టులో చెన్నైలో 45.12 కొట్టాడు, 45 వేసుకోండి. మొహమ్మద్ అఫ్సల్ అదే ఏడాది 800లో 1:45 లోపుకి వచ్చిన తొలి భారతీయుడయ్యాడు, 1:45 వేసుకోండి. కూడితే 9:16. నసావు అమెరికాకు మనం అర సెకను దూరంలోకి వచ్చేశాం! స్వీట్లు పంచే ముందు ఒక్క మాట. కాగితం మీద ఎవరికీ ఆయాసం రాదు.

ఆ రోజు నసావులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కైల్ మెర్బర్ 2:53.56, బ్రైసెన్ స్ప్రాట్లింగ్ 45.95, బ్రాండన్ జాన్సన్ 1:44.75, బెన్ బ్లాంకెన్‌షిప్ 3:51.24. రెండో స్థానంలో 9:17.20తో కెన్యా. ఆ కెన్యా జట్టులో మొదటి లెగ్ ఎలైజా మనంగోయ్, చివరి లెగ్ టిమోతీ చెరుయోట్. తర్వాత 2017లో ఒకరు, 2019లో ఒకరు 1500లో ప్రపంచ విజేతలయ్యారు. వాళ్లను ఓడించిన బ్లాంకెన్‌షిప్ మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్ 1500 ఫైనల్లో ఎనిమిదోవాడు. పేర్లు కూడి విజేతను తేల్చేవాళ్లు ఈ ఒక్క ఫలితం ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి.

8:55కీ 9:15కీ మధ్య ఇరవై సెకన్లు. ఎవరు మింగారు? మొదటి దొంగ మీ మొదటి రౌండే. మీకు లేన్లు లేవు. మామూలు రేసుల్లో ముందుండి వేగం నిలబెట్టడానికి డబ్బిచ్చి పెట్టుకునే పేస్‌మేకర్ మీలో ఉండడు. గాలికి ఎదురు నిలబడి ముందు నడవడానికి ఎవడూ సిద్ధంగా ఉండడు. 1200 వాళ్లు మొదటి రెండు రౌండ్లు ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ గడిపి, మూడోదాంట్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఇక మొదటి మార్పిడి. దాని గురించి ఎంత రాసినా తక్కువే. బ్యాటన్ చేతులు మారాల్సింది 20 మీటర్ల జోన్‌లోనే. వచ్చే జట్ల వరసను బట్టి 400 వాళ్లు లోపలి నుంచి బయటికి నిలబడతారు. చివర్లో ఆ వరస తారుమారైతే అక్కడంతా గందరగోళమే. మూడో స్థానం నుంచి మొదటికి ఎగబాకినవాడు ఒక్కోసారి అడ్డంగా కోసుకుంటూ రావాల్సి వస్తుంది. 4x100లోలా వెనక్కి చూడకుండా చెయ్యి చాపడం ఇక్కడ కుదరదు. వచ్చేవాడి కాళ్లు అప్పటికే ఉడికిన సేమ్యా, వాడు ఎప్పుడు చేరతాడో వాడికే తెలియదు. అందుకే 400 వాడు ఒళ్లు సగం తిప్పి, బ్యాటన్‌ను కళ్లతో చూసి లాక్కోవాలి. తొందరపడి ముందే దూకితే జోన్ దాటిపోతాడు. ఆగితే గుంపులో ఇరుక్కుంటాడు. బ్యాటన్ కింద పడితే జారవిడిచినవాడే తీసుకోవాలి. మొత్తం 50 గ్రాముల గొట్టానికి ఇంత రాజ్యాంగం.

అక్కడితో అయిపోలేదు. గుంపులో చిక్కిన 400 వీరుడు ఒక మలుపంతా రెండో లేన్‌లో తిరిగితే దాదాపు 3.8 మీటర్లు అదనం. ఆ వేగంలో అది 0.4 సెకను పైమాటే. 43 సెకన్ల మొనగాణ్ని మీరు 44 వాణ్ని చేసేది ఇలాగే. చివరి 1600లో మళ్లీ మొదటి కథే. ముందున్నవాడు వెనక్కి చూస్తాడు, వెనకున్నవాడు ముందుకు రాడు. చివరి రౌండ్ బెల్ మోగేదాకా మొహమాటాలు, మోగాక మారణహోమం.

మగవాళ్లలో నా ఓటు అమెరికాకే. 1500లో ఒకడు కుంటితే అంతటివాడు ఇంకొకడుంటాడు. 400 వాళ్లకైతే అక్కడ కరవే లేదు. ఆడవాళ్లలో మాత్రం కెన్యా. 2015లో 10:36.50తో గెలిచింది అమెరికానే, అది వేరే సంగతి. ఇప్పుడు బ్రిటన్ లారా మ్యూర్, అంబర్ ఆనింగ్, కీలీ హాడ్జ్‌కిన్సన్, జార్జియా బెల్‌లను దింపితే భయపడాల్సిందే. హాడ్జ్‌కిన్సన్ 800 ఉత్తమం 1:54.61. కానీ 2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో కెన్యా అమ్మాయి లిలియన్ ఒడీరా 1:54.62తో ప్రపంచ విజేత అయ్యాక లెక్క మారిపోయింది. 800 ఆమె చూసుకుంటుంది గనక, 2023లో ఆ దూరంలో ప్రపంచ విజేత అయిన మేరీ మోరాను 400కి పంపొచ్చు. మోరా 400ను 50 సెకన్ల పైచిలుకులో తిరుగుతుంది. ఆనింగ్ 49.29కి సెకను పోతుంది, పోనీయండి. చివర్లో 1500 రికార్డు 3:48.68 ఉన్న ఫెయిత్ కిప్యెగాన్ ఉంది. బెల్ ఉత్తమం మీద అది దాదాపు నాలుగు సెకన్ల తేడా. పోయిన సెకనుకు మూడు వడ్డీ.

కానీ ఈ జట్లు కలిసేదెక్కడ? మీకు అన్నం పెట్టేది అమెరికా కాలేజీలు. 1895 నుంచి ఫిలడెల్ఫియాలో నడుస్తున్న పెన్ రిలేస్ మీ పుట్టినింటి లెక్క. 2006లో కెన్యా వాళ్లు అక్కడికే వచ్చి 9:15.56 కొట్టిపోయారు. తొమ్మిదేళ్ల తర్వాత అమెరికా దాన్ని దాటింది 0.06 సెకనుతో. పది రౌండ్లు తిరిగి తేల్చిన తేడా సుమారు ఒకటిన్నర బ్యాటన్ పొడవు. ఆ తర్వాత దాన్ని సవరించిందీ అమెరికన్లే. మిగతా దేశాలు మీ మొహం చూడ్డం మానేశాయి మరి.

కనక తమరు దయచేసి అమెరికా పెరడు దాటి, అందరూ ఫామ్‌లో ఉండే ఆగస్టులో ఒక్కసారి బయటికి రండి. స్టాప్‌వాచ్ మేం తెచ్చుకుంటాం.

ఇట్లు,
మీ రౌండ్లు లెక్కపెట్టే ఒక అభాగ్యుడు

తా.క.: ఇంకో 9 మీటర్ల 34 సెంటీమీటర్లు కలిపితే మీ చివరి లెగ్ నిఖార్సైన మైలు అయ్యేది. 100 మీటర్లు తీసేస్తే ఒలింపిక్ దూరమయ్యేది. ఏదీ కాకుండా మధ్యలో ఆగిపోయారు. జాగా చాలలేదా?