కార్డు కవర్ చేస్తుంది బ్రో

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా మెయిల్ తెరిచినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. అద్దె కారుకి పడ్డ సొట్ట ఖర్చు ఇవ్వమని క్రెడిట్ కార్డు వాళ్లకి పెట్టుకున్న క్లెయిమ్‌కి జవాబు అది. "మీ క్లెయిమ్‌ను పరిశీలించాం, చింతిస్తున్నాం" అని మొదలైంది. చింతించేది వాళ్లట. 2,256 డాలర్లు కట్టేది మాత్రం నేను.

జూన్‌లో అమ్మానాన్నలను నయాగరా తీసుకెళ్లాం. డాలస్ నుంచి నెవార్క్‌కి ఫ్లైట్, అక్కడ ఆరు రోజులకి అద్దెకి ఒక మినీవ్యాన్, నయాగరా చూసి అటు నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం, మళ్లీ వెనక్కి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే ప్రతి తెలుగు ఇంట్లో జరిగే తీర్థయాత్రే. (నయాగరా కెనడా వైపు నుంచే బాగుంటుందని చెప్పడానికి ఎవరూ రాకండి. మా వాళ్లకి కెనడా వీసా లేదు. ఈ ముక్క ఇప్పటికి నలభై మందికి చెప్పాను.)

రెండో రోజు పొద్దున బఫెలోలో హోటల్ పార్కింగ్‌లోకి వెళ్తే వెనక బంపర్‌కి సొట్ట. దాని పక్కన అరచెయ్యంత తెల్ల పెయింట్ మరక. ఎవడు గుద్దాడో, ఎప్పుడు గుద్దాడో తెలియదు. చీటీ పెట్టే సంస్కారం ఎవరికుంది? నాన్న వంగి, వేలికి ఉమ్ము తడి చేసుకుని ఆ మరక రుద్ది చూసి, "కొబ్బరినూనె రాస్తే పోతుందిలేరా" అన్నారు. నేను నవ్వాను. టెన్షనే పడలేదు. ఎందుకు పడాలి? కార్డు కవర్ చేస్తుంది కదా!

నెవార్క్ కౌంటర్‌లో ఆ కుర్రాడు అడిగాడు పాపం. కారు డ్యామేజీకి వేవర్ (అది కొంటే కారుకి దెబ్బ తగిలినా మనల్ని డబ్బు అడగరు), ఎదుటివాళ్ల కోసం లయబిలిటీ, మన ఒళ్లు విరిగితే ఒకటి, సూట్‌కేసులు పోతే ఇంకొకటి అని వరసగా చదివాడు. వేవర్ రోజుకి 32 డాలర్లు. అంటే ఆరు రోజులకి 192. నేను ఢిల్లీ రాజీవ్ చౌక్‌లో సెల్ ఫోన్ కవర్లు అమ్మేవాణ్ణి చూసినట్టు చూసి, "మా కార్డు కవర్ చేస్తుంది" అని అన్నిటికీ డిక్లైన్ కొట్టాను. ఎంత గర్వం అనుకున్నారు! పక్కనే ఉన్న అమ్మకి "చూశావా, వీళ్ల మోసం" అని క్లాసు కూడా పీకాను.

ఇప్పుడు ఆ మెయిల్‌లో ఏముందంటే, కార్డు మా ఆవిడది, కారు అగ్రిమెంట్ నా పేరు మీద ఉంది, కాబట్టి చెల్లదు. కార్డు ఎవరిదో కారు తీసుకునే ప్రధాన వ్యక్తి కూడా వాళ్లే అయి ఉండాలట. మొగుడూ పెళ్లాలమయ్యా, ఒకటే ఇల్లు, ఒకటే ఫ్రిజ్, ఒకటే ట్యాక్స్ రిటర్న్! అయినా సరే.

పాయింట్లు ఎక్కువొస్తాయని తన కార్డుతో ముందే డబ్బు కట్టేశాం. తను హైవే ఎక్కదు కాబట్టి డ్రైవర్‌గా నా పేరిచ్చాం. కౌంటర్‌లో డిపాజిట్‌కి డ్రైవర్ పేరున్న కార్డే కావాలంటే నా కార్డు గీకాను. ఆ కార్డుకి ఇలాంటి బెనిఫిట్ ఏదీ లేదు, కాస్ట్‌కోలో సరుకులు కొనడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నేను తన కార్డులోనే ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే అదే ఖాతా మీద నా పేరుతో ఇంకో కార్డుతో ఉండుంటే కనీసం వాదించడానికైనా నోరుండేది. ఎందుకు లేనంటే, విడివిడిగా అప్లై చేసుకుంటే ఒకరిని ఒకరు రిఫర్ చేసుకున్నందుకు బోనస్ వస్తుంది. అత్యాశకి పోయి భార్యాభర్తలు బ్యాంకు దగ్గర పరాయివాళ్లైపోయారు.

పోనీ నా సొంత కారు ఇన్సూరెన్స్ ఉంది కదా అని వాళ్లకి ఫోన్ చేశాను. మామూలుగా అయితే సొంత పాలసీలో కొలిజన్ (గుద్దుకుంటే మన కారు రిపేరుకిచ్చేది) ఉంటే రెంట్ కారుకి కూడా అది వర్తిస్తుంది. చాలా కార్డుల కవరేజ్ సెకండరీ, అంటే ముందు మన ఇన్సూరెన్స్ కట్టాక మిగిలింది, అంటే డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టాల్సిన వాటా) లాంటిది, కార్డు చూసుకుంటుంది. కొన్ని కార్డులకే ప్రైమరీ ఉంటుంది, మన పాలసీ జోలికి పోనక్కర్లేదు. మరి నా పాలసీ? పాత క్యామ్రీకి ఫుల్ కవరేజ్ దండగని పోయిన ఏడాదే లయబిలిటీ ఒక్కటి ఉంచి మిగతావి తీయించేశాను. ఏడాదికి ఏదో మిగిలిందని సంబరపడ్డాను కూడా. తీయించమన్నది ఎవరో తర్వాత చెప్తాను.

కారు కంపెనీ వేసిన బిల్లు చూడండి. రిపేరు 1,386. ఆ కారు షెడ్డులో ఉన్న ఐదు రోజులు అద్దెకివ్వలేకపోయామని రోజుకి 64 చొప్పున 320. ఫైలు తిప్పినందుకు 150. దెబ్బ తగిలిన కారుగా దాని విలువ తగ్గిపోయిందని 400. ఆ బంపర్‌కి పెళ్లి సంబంధాలు తప్పిపోయినట్టు! ఇందులో తమాషా ఏంటంటే, ఆ విలువ తగ్గుదల అనేది మంచి కార్డులు కూడా సాధారణంగా ఇవ్వవు. ఆ ఐదు రోజుల నష్టం ఇవ్వాలంటే, ఆ రోజుల్లో వాళ్ల దగ్గర మిగతా కార్లన్నీ నిజంగా అద్దెకి వెళ్లాయని చూపించే లాగ్ తెమ్మంటారు. అది కారు కంపెనీ ఇవ్వదు. అడిగితే "అది మా అంతర్గత సమాచారం సర్" అంటాడు. వాళ్లివ్వని కాగితం నేను తేవాలి, నేను తేలేదని వీళ్లు డబ్బివ్వరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

నాన్నకి మొత్తం చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. రూపాయల్లోకి మార్చుకుని, దగ్గర దగ్గర రెండు లక్షలని తేల్చి, "ఆ సొట్టకా?" అన్నారు. ఇంకేం అనలేదు. అదే ఎక్కువ మండింది.

ఒక విషయం మాత్రం మనలో చాలామందికి తెలియదు, నాక్కూడా ఇవాళే బుర్రకెక్కింది. కార్డు కవర్ చేసేది మనం తీసుకున్న కారుకి తగిలిన దెబ్బనీ, దొంగతనాన్నీ. అంతే. మనం పోయి ఇంకొకడి కారుని గుద్దితే, మనిషికి దెబ్బ తగిలితే కార్డు పైసా ఇవ్వదు. నాకు పాతదో కొత్తదో క్యామ్రీ ఉంది కాబట్టి లయబిలిటీ ఉంది. కొత్తగా దిగిన పిల్లలకి సొంత కారూ ఉండదు, పాలసీ ఉండదు. వాళ్లు వీకెండ్‌కి నలుగురు కలిసి కారు తీసుకుని, "కార్డు ఉంది కదా" అని గ్రాండ్ కాన్యన్ బయల్దేరతారు. వాళ్లని తలచుకుంటే నా సొట్ట నాకే చిన్నదనిపిస్తోంది.

ఇంకా ఉన్నాయి షరతులు. కారు కంపెనీ వేవర్ వద్దని తీరాలి, తీసుకుంటే కార్డు పక్కకి తప్పుకుంటుంది. అద్దె మొత్తం ఆ కార్డు మీదే పడాలి. కొన్ని కార్డుల్లో అమెరికా లోపల వరసగా 15 రోజులు దాటితే లేదు. టూరో లాంటి చోట ఎవరి సొంత కారో తీసుకుంటే చాలా కార్డులు చెయ్యెత్తేస్తాయి. వీసా కంపెనీ క్రెడిట్ కార్డుల్లో కొన్నిటి రూల్స్‌లో ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా అని మూడు దేశాల పేర్లు రాసి మరీ వద్దన్నారు. జమైకా వాళ్లు ఏం పాపం చేశారో! అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లకైతే ముందే ఎన్‌రోల్ అయితే రోజుకి కాకుండా రెంటల్‌కి ఇంత అని కట్ చేసుకుని ప్రైమరీ ఇచ్చే స్కీమ్ ఉందని ఇవాళ తెలిసింది. ఇవాళ! కార్డు పాయింట్ల మీద మూడు ఎక్సెల్ షీట్లున్న మా ఇంట్లో ఈ బెనిఫిట్ గైడ్ పీడీఎఫ్ ఒక్కరూ తెరవలేదు.

మేం తెరవలేదు సరే. మరి మా గ్రూపులో ఒక అన్న ఉన్నాడు కదా, ఆయన తెరిచాడా? అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లయిన అన్న. హెచ్1బీ నుంచి ఆవకాయ బూజు దాకా అన్నిటికీ ఆయన దగ్గర ఆన్సర్ ఉంటుంది. "రెంటల్ వాడి ఇన్సూరెన్స్ తీసుకునేవాడు వెర్రివాడు, కార్డు కవర్ చేస్తుంది బ్రో" అన్నది ఆయనే. క్యామ్రీకి ఫుల్ కవరేజ్ తీసెయ్యమన్నదీ ఆయనే.

రెండేళ్ల కిందట అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు విజిటర్ ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలని అడిగితే, "చీప్ ప్లాన్ తీసుకో, అన్నీ కవర్ అవుతాయి" అన్నదీ ఆయనే. నాన్నకి బీపీ, షుగర్ ఉన్నాయన్నా అన్నాను. "అందరి నాన్నలకీ ఉంటాయి బ్రో" అన్నాడు. దీపావళి ముందు రోజు నాన్నకి కళ్లు తిరిగి ఎమర్జెన్సీకి వెళ్లాం. మూడు గంటలు, ఒక సెలైన్, ఒక స్కాన్. తీరా చూస్తే అది విజిట్‌కి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే ఫిక్స్‌డ్ ప్లాన్. ఆ కొంచెం కూడా "ముందు నుంచీ ఉన్న జబ్బు" అని ఆపేశారు. ఆ బిల్లు పద్నాలుగు నెలలు వాయిదాల్లో కట్టాను. అన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టాడు, "ఫైన్ ప్రింట్ చదవాలి కదా బ్రో" అని. నేను చదవాలట! నేను చదివేవాణ్ణయితే నిన్నెందుకు అడుగుతానయ్యా?

అప్పుడు ఊరుకున్నాను. పండగలకి వాళ్లింటికి వెళ్లాను, వాళ్లావిడ చేసిన చక్కెర పొంగలి బాగుందన్నాను. ఇవాళ మాత్రం ఊరుకోను, గ్రూపులోనే అడిగేస్తానని ఫోన్ తీశాను.

తీసేసరికి ఎవరో కొత్తగా చేరిన కుర్రాడు, వచ్చే వారం డెన్వర్ వెళ్తున్నాం, రెంటల్ కారుకి ఇన్సూరెన్స్ తీసుకోవాలా అని అడిగాడు. రెండు నిమిషాల్లో అన్న జవాబు. "అక్కర్లేదు బ్రో, కార్డు కవర్ చేస్తుంది." దాని కింద ఏడు థంబ్స్ అప్‌లు. ఎవరెవరు పెట్టారా అని నొక్కి చూశాను.

అందులో ఒకటి మా ఆవిడది.