ఇంటిపేరు నిలవని సిమ్ కార్డుకు

చి.ల.సౌ. సిమ్ కార్డుకు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ప్రస్తుతం ఎవరింట్లో ఉన్నావో నమ్మకం లేక అడ్రసు పెన్సిల్‌తో రాస్తున్నాను.

98480 అంటూ మా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నువ్వు టాటా సెల్యులార్ వారి పిల్లవి. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు పడే రోజులు. నాన్న నంబరు చూసుకుని కట్ చేసి, వీధి చివర ఎస్టీడీ బూత్ దాకా నడిచెళ్లి తిరిగి చేసేవారు.

ఆ తర్వాత నిన్ను బిర్లా ఏటీ అండ్ టీ వారికిచ్చి చేశారు. మూడు పేర్లూ కలిపి జనం ‘బటాటా’ అన్నారు. ముంబైలో బంగాళాదుంపని అలాగే పిలుస్తారు. సంబంధం కుదిర్చిన పెద్దలు ఒక్కసారి పైకి చదువుకోవద్దూ! 2002లో ఐడియా అని బారసాల చేసి పరువు దక్కించుకున్నారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన ఏటీ అండ్ టీ వాళ్లూ టాటాలూ వాటాలు అమ్ముకుని తప్పుకున్నారు.

ఏటీ అండ్ టీ వారిది మొదట్నించీ అదో రకం వంశంలే. అక్కడి ప్రభుత్వం వేసిన దావాతో 1984లో ఇల్లు పగిలి, ఏడుగురు పిల్లలు వేరు కాపురాలు పెట్టారు. వాళ్లలో ఒకడు, ఎస్‌బీసీ అని, 2005లో తల్లినే కొనేసి ఆవిడ పేరే పెట్టుకున్నాడు. మన వైపైతే ఏ గోత్రం చదవాలో తెలీక పురోహితుడు లేచి వెళ్లిపోయేవాడు.

2018లో నీకు వొడాఫోన్‌తో మళ్లీ పెళ్లి. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? ముంబైలో మాక్స్ టచ్, ఆనక ఆరెంజ్, ఆనక హచ్, 2007లో వొడాఫోన్. కంపెనీ పోయినా, దాని ప్రకటనల్లోని ఆ ముడతల మొహం కుక్కపిల్లని మా వీధిలో ఇప్పటికీ ‘హచ్ కుక్క’ అనే అంటారు. 2020లో మీ ఇద్దరికీ కలిపి ‘వీ’ అని పేరు పెట్టారు. బియ్యంలో రాయడానికి సుఖం, ఒక్కటే అక్షరం.

మా సందులో రీఛార్జి కొట్టు షట్టరు చూడు. ఎర్ర రంగు పెచ్చులూడిన చోట కింద పసుపు కనిపిస్తుంది. “ఏ కంపెనీయో చెప్పకండి సార్, నంబరు చెప్పండి చాలు” అంటాడు కొట్టతను.

ఇన్ని పెళ్లిళ్లకూ కట్నంగా వెంట వచ్చింది అప్పే. 2019లో సుప్రీంకోర్టు ఏజీఆర్ (అంటే సర్కారు వాటా తేల్చే రాబడి లెక్క) తీర్పుతో అది తడిసి మోపెడైంది. కట్టలేక సర్కారుకి బాకీ బదులు వాటాలు రాసిచ్చారు. 2025 ఏప్రిల్‌కి కేంద్రం వాటా దాదాపు 49 శాతం. సర్కారు ఫోను కోసం దేశమంతా ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో కూర్చున్నాక కదమ్మా ప్రైవేటు వాళ్లని పిలిచింది! తిరిగి తిరిగి అదే గుమ్మం ముందు చెప్పులు విడిచావు.

అమ్మ ఫోన్‌లో నాన్న నంబరు ఇప్పటికీ ‘ఈయన ఐడియా’ అనే ఉంది. మార్చనా అని అడిగితే, “ఎందుకురా, మళ్లీ ఇంకోటి పెడతారు” అంది.

ఇట్లు,
పదంకెలూ మారని నీ మనిషి