టిబెట్ జెండా: వాడే విధానం, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మన పోలీసులు అంతా అయిపోయాక వస్తారని వెక్కిరించేవాళ్ళు ఇకనైనా నోళ్ళు మూసుకోవాలి. చైనా నాయకుడు వస్తున్నాడంటే చాలు, నేరం జరగకముందే నేరస్తుడు లాకప్పులో ఉంటాడు. 2019 అక్టోబరులో షీ జిన్‌పింగ్ మన ప్రధానిని కలవడానికి చెన్నై దగ్గరి మామల్లపురం వచ్చినప్పుడు చూశాం కదా. ఆయన సూట్‌కేసు సర్దుకోకముందే, చెన్నైలో చదువుకుంటున్న టిబెటన్ పిల్లల్ని కొందరిని వెతికి పట్టుకుని రిమాండుకు పంపేశారు. ఏం చేశారు వాళ్ళు? ఇంకా ఏమీ చెయ్యలేదండీ. చేస్తారేమోనని. పోనీ చేస్తే ఏం చేస్తారు? జెండా ఊపుతారు.

ఆ జెండా ఎంత భయంకరమైందో కాస్త వర్ణిస్తాను, గుండె జబ్బున్నవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి. మధ్యలో ఒక మంచుకొండ. దాని వెనక సూర్యుడు. కొండ మీద రెండు సింహాలు. అంతే. దీన్ని చైనాలో నిషేధించారు, అర్థం చేసుకోవచ్చు, టిబెట్ మీద వాళ్ళ కబ్జా బయటపడుతుంది. మన దేశంలో దాని మీద నిషేధమేమీ లేదు. దలైలామా ఉండే ధర్మశాలకు వెళితే టీకొట్టు మీద కూడా ఎగురుతుంటుంది, మన టూరిస్టులు దాని పక్కన నిలబడి మోమోలు తింటూ సెల్ఫీలు దిగుతారు. మరి అదే గుడ్డ చెన్నై వచ్చేసరికి ఎందుకు బాంబు అవుతుందో ఆ సింహాలకే తెలియాలి.

"చదువుకోవాల్సిన పిల్లలకు ఈ గొడవలెందుకండీ?" అని టీవీలో ఒక పెద్దమనిషి ప్రతిసారీ బాధపడతాడు. ముఖ్యమంత్రి జిల్లా పర్యటన ఉందంటే తెల్లవారుజామున మన విద్యార్థి నాయకుల ఇళ్ళ తలుపులు కొట్టేటప్పుడూ ఆయన ఇదే మాటంటాడు. పాపం, ఆయనకు ఇంకో మాట రాదు. ఈ టిబెటన్ పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టారు. తాతలు 1959లో దలైలామా వెనక హిమాలయాలు దాటారు. వీళ్ళ చేతిలో ఉన్నది పాస్‌పోర్టు కాదు, ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాల్సిన రిజిస్ట్రేషన్ పుస్తకం. గొడవ వీళ్ళు తెచ్చుకున్నది కాదు, పుట్టుకతోనే వచ్చింది.

ఈ ముందుజాగ్రత్త ఒక కళగా పరాకాష్ఠకు చేరింది మాత్రం 2008 ఏప్రిల్ 17న ఢిల్లీలో. బీజింగ్ ఒలింపిక్ జ్యోతి వచ్చింది. అంతకు నెల ముందే లాసాలో గొడవలు, కాల్పులు. పది రోజుల ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన తీగలెక్కి మరీ బ్యానర్లు కట్టారు స్టూడెంట్స్ ఫర్ ఎ ఫ్రీ టిబెట్ వాళ్ళు, 1994లో న్యూయార్క్‌లో పుట్టిన సంఘం. మనవాళ్ళకు టెన్షన్ పట్టుకుంది. ఏం చేశారు? జ్యోతి పరుగును రాజ్‌పథ్ మీద రెండు మూడు కిలోమీటర్లకు కుదించారు. వేల మంది పోలీసుల్ని దించారు. దారులు మూసేశారు. జనం జ్యోతిని చూడకుండా చూసుకున్నారు. అర్థమైందా? జనం చూడటానికే ఊరూరా తిప్పే జ్యోతి అది! రాష్ట్రపతి భవన్ దగ్గర ఒకరు అందుకుంటారు, నాలుగు అడుగులు వేస్తారు, పక్కవాడికి ఇస్తారు. చుట్టూ నీలం ట్రాక్‌సూట్లలో చైనా కాపలావాళ్ళు, వాళ్ళ చుట్టూ మన కాపలావాళ్ళు. సినిమా తారలు చెయ్యి ఊపుతున్నారు, ఎవరికి? బారికేడ్లకు. చప్పట్లు కొట్టడానికి కూడా ఆహ్వానితులే. ఫుట్‌బాల్ కెప్టెన్ భూటియా ఒక్కడే ముందే చెప్పేశాడు, నేను పట్టుకోను, నా మనసు టిబెటన్లతో ఉందని. అదే రోజు టిబెటన్లు రాజ్‌ఘాట్ నుంచి జంతర్ మంతర్ దాకా తమ సొంత జ్యోతితో పరిగెత్తారు. వాళ్ళకు జనం ఉన్నారు.

నాలుగేళ్ళ తర్వాత బ్రిక్స్ (మనమూ చైనా రష్యా లాంటి దేశాల కూటమి) సభకు అప్పటి చైనా అధ్యక్షుడు హూ జింటావో వచ్చినప్పుడు ఢిల్లీలో టిబెటన్లుండే మజ్నూ కా టీలాను చుట్టుముట్టేశారు. ముఖం చూసి ఆపడం మొదలయ్యాక మన ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు కూడా తాము భారతీయులమేనని రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. ఆ సభకు మూడు రోజుల ముందు జంతర్ మంతర్ దగ్గర నిరసనలో ఒక టిబెటన్ యువకుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు, చనిపోయాడు. దాని మీద వెటకారం నాకు చేతకాదు.

2018లో అయితే టిబెటన్లు చేసిన ఘోరం మరీ దారుణం. అరవయ్యేళ్ళుగా ఆశ్రయమిచ్చినందుకు 'థాంక్యూ ఇండియా' అని సభ పెట్టుకుంటామన్నారు. ఆ సభలకు పెద్ద నాయకులు, అధికారులు దూరంగా ఉంటే మంచిదని విదేశాంగ కార్యదర్శి నోట్ రాశారు. ఢిల్లీలో జరగాల్సింది ధర్మశాలకు సర్దుకుంది. పెళ్ళిచూపుల వాళ్ళొస్తున్నారని ఇంట్లో ఉన్న పేద చుట్టాన్ని వెనకగదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టు.

ఇంతకీ ఆ పెళ్ళిచూపులు ఏమయ్యాయి? మామల్లపురంలో మోదీ, షీ కలిసి కొబ్బరినీళ్ళు తాగారు, వెన్నముద్ద రాయి ముందు చేతులెత్తి ఫొటో దిగారు. పిల్లలు జైల్లో ఉన్నారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి లద్దాఖ్ సరిహద్దు గల్వాన్‌లో చైనావాళ్ళతో ఘర్షణ, ఇరవై మంది మన సైనికుల శవాలు. అందులో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఉన్నాడు. ఆయన అంత్యక్రియలకు ఊరు ఊరంతా ఏడ్చింది. చైనాను నమ్మొద్దని అరవబోయిన పిల్లల నోరు నొక్కింది ఎవరు? ఆ వారం మీరు లాకప్పులో వేసిన పంతొమ్మిదీ ఇరవయ్యేళ్ళ వాళ్ళకు తెలిసింది మీకు తెలియలేదా?

అదే ఏడాది ఆగస్టు చివర్లో లద్దాఖ్‌లోనే పాంగాంగ్ సరస్సు దగ్గర మందుపాతర పేలి ఇంకో సైనికుడు పోయాడు. నైమా తెన్‌జిన్. 1962 యుద్ధం రోజుల్లో టిబెటన్లతో పెట్టిన స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ వాడు. లేహ్‌లో శవపేటిక మీద మన మువ్వన్నెల జెండాతో పాటు ఏం కప్పారో తెలుసా? ఆ రెండు సింహాల జెండానే. బతికున్న పిల్లాడి చేతిలో ఉంటే జైలు, చచ్చిపోయిన ముసలి సైనికుడి మీద ఉంటే సెల్యూట్. అధికార పార్టీ బీజేపీ అప్పటి ప్రధాన కార్యదర్శి, మన అమలాపురం రాంమాధవ్ గారు స్వయంగా వెళ్ళి పుష్పగుచ్ఛం పెట్టి, ట్వీట్ చేశారు. తర్వాత ఆ ట్వీట్ తీసేశారు. శవం మీద జెండా తియ్యలేరు గనక ట్వీట్ తీశారు కాబోలు.

2026లో బ్రిక్స్ అధ్యక్షత మళ్ళీ మనదే. కాబట్టి టిబెటన్ పిల్లలున్న కాలేజీల ప్రిన్సిపాళ్ళు ఇప్పుడే విదేశాంగ శాఖ క్యాలెండర్ తెప్పించుకుని, ఆ సభ జరిగే వారం ఇంటర్నల్స్ పెట్టకుండా చూసుకుంటే మంచిది. అటెండెన్స్ సంగతి కూడా తేల్చండి. స్టేషన్ రిజిస్టర్‌లో పెట్టిన సంతకం చెల్లుతుందా, లేక కండోనేషన్ ఫీజు కట్టించుకుంటారా?