పొట్ట కరగాలంటే ముందు నిద్ర పట్టాలి

నేల మీద చాప పరిచి, చేతులు తల వెనక పెట్టుకుని, పళ్లు బిగపట్టి లేస్తుంటారు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు... మెడ పట్టేస్తుంది. వారం తర్వాత అద్దంలో చూసుకుంటే పొట్ట ఎక్కడిదక్కడే. తప్పు మనదే అనుకుని మర్నాడు ముప్పై చేస్తాం.

తప్పు మనది కాదు. 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో 27 రోజుల్లో మనిషికి 5,004 సిటప్స్ చేయించి, పొట్ట, వీపు, పిరుదుల దగ్గర కొవ్వు కణాలు తీసి చూశారు. పొట్ట దగ్గర కణాల సైజు ఎంత తగ్గిందో మిగతా రెండు చోట్లా దాదాపు అంతే తగ్గింది. కండ ఎక్కడ కదిలితే కొవ్వు అక్కడే కరుగుతుందన్నది భ్రమ. కొవ్వును ఎక్కడి నుంచి తియ్యాలో శరీరం మనల్ని అడగదు.

మరి తిండి తగ్గించి, నడిస్తే లాభం లేదా? ఉంది. పేగుల చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు ఈ రెండింటికీ బాగానే లొంగుతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానితో నాకు పేచీ లేదు. ఆ నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలన్నదే నా ప్రశ్న. చాలామంది తెచ్చేది నిద్రలోంచే. రాత్రి పన్నెండుకు పడుకుని, అలారం ఐదింటికి పెట్టుకుని జిమ్‌కి పరుగెత్తేవాళ్లను చూసి మనం శభాష్ అంటాం. నాకైతే జాలేస్తుంది.

2022లో మేయో క్లినిక్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని రెండు విధాలుగా పరీక్షించారు. రెండు వారాలు రాత్రికి 4 గంటలే పడుకోనిచ్చారు, మరో విడత 9 గంటలు. తిండి మీద ఆంక్షల్లేవు. నిద్ర తగ్గినప్పుడు రోజుకు 300 క్యాలరీలకు పైగా ఎక్కువ తిన్నారు. గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే! బరువు పెద్దగా పెరగలేదు, లోపలి కొవ్వు మాత్రం 11 శాతం పెరిగింది. అంటే బరువు తూచుకుని తృప్తిపడినా, లోపల జరగాల్సింది జరిగిపోతోందన్నమాట.

రాత్రి పదకొండున్నరకు ల్యాప్‌టాప్ మూసి, లైటు కూడా వెయ్యకుండా ఫ్రిజ్ తలుపు తీసే మనిషికి కావాల్సింది డైట్ చార్టా? ఆ టైమ్‌కి ఆకలి వేయడం తిండిపోతుతనం కాదు, అలసట. అందుకే పొట్టను క్రమశిక్షణ లోపంగా చూడటం మానేసి, పని గంటల గురించి మాట్లాడదాం అంటున్నాను. పని వేళలు దాటాక మెసేజ్‌లకు జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2016లోనే చట్టంలో పెట్టింది. మిగతా చోట్ల కంపెనీలు ఏం పెడుతున్నాయి? స్టెప్ ఛాలెంజ్‌లు! పదివేల అడుగులు వేసినవాళ్లకు బహుమతి ఇస్తారు, ఆ రాత్రే పదిన్నరకు ‘ఒక్క పది నిమిషాలు కాల్‌లోకి వస్తారా’ అని అడుగుతారు.

ఛాలెంజ్ పెట్టాలని అంత సరదాగా ఉంటే ఒకటి నేను చెబుతా. మూడు నెలలు రాత్రి ఎనిమిది దాటాక ఎవరికీ ఫోన్ చెయ్యకండి, మెసేజ్ పెట్టకండి. మొదటి రోజు, చివరి రోజు అందరి నడుమూ టేపుతో కొలవండి. పొట్ట లోపలికి బిగించుకోకుండా, ఊపిరి వదిలాక. మేనేజర్లవి కూడా.