కోకాపేట ఫ్లాటులో మన వాటా ఎన్ని గజాలు?

హైదరాబాద్ పడమటి శివార్లలో, నార్సింగి నుంచి కోకాపేట మీదుగా తెల్లాపూర్ దాకా, ఇల్లు కొనాలనుకునే కుటుంబాల మాటలన్నీ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతున్నాయి: అడుగు ఎంత? పిల్లల బడి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, ఔటర్ రింగు రోడ్డు దగ్గరతనం ముందే తేలిపోయి ఉంటాయి కాబట్టి బేరమంతా అడుగు ధర దగ్గరే జరుగుతుంది. ఇరవై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకునే కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదని నా అభిప్రాయం.

గత ఏడాది నార్సింగి దగ్గర మా పెద్దమ్మగారి అబ్బాయి ఫ్లాటు కొన్నప్పుడు సేల్‌డీడ్ ముసాయిదా చదివే పని నాకు అప్పగించారు. మూడు పడక గదులు, 2,400 అడుగులు, ఇరవై ఏడో అంతస్తు, తూర్పు ముఖం: ఇవన్నీ అన్నయ్యకు కంఠతా వచ్చు. పదకొండో పేజీలో షెడ్యూలు కింద, టవరు నిలిచిన, యజమానులందరికీ ఉమ్మడిగా ఉండే విభజించని భూమిలో అతని వాటా 29 చదరపు గజాలని రాసి ఉంది. చూపించి అడిగితే, మూడు నెలలుగా తిరుగుతున్నా ఆ సంఖ్య తనకు ఎవరూ చెప్పలేదని, అడగాలని తనకూ తోచలేదని అన్నాడు. 29 గజాలంటే 261 చదరపు అడుగులు. "అంటే మన హాలంత స్థలమేనా?" అని వదిన అడిగిన తీరు నాకింకా గుర్తుంది.

యూడీఎస్ (అన్‌డివైడెడ్ షేర్) అని అందరూ పిలిచే ఈ వాటాయే ఫ్లాటులో పాతబడనిది. అమీర్‌పేట, హిమాయత్‌నగర్ వంటి చోట్ల వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లున్న పాత అపార్టుమెంటును తీసుకుంటే ఒక్కో యజమానికి 50 గజాలు వస్తాయి. కట్టడం శిథిలమైతే పడగొట్టి మళ్లీ కట్టేందుకు బిల్డరు ముందుకొచ్చేది ఆ నేలను, దాని మీద అదనంగా లేపగల అంతస్తులను చూసే. ఇప్పటికే నలభై అంతస్తులు లేచిన టవరుకు అలా మిగిలి ఉండే ఎత్తు ఎంత? అక్కడి నాలుగైదు వందల కుటుంబాలు ఏకాభిప్రాయానికి వచ్చినా, వారి నేల మీద కొత్తగా లాభం చూసుకోవడానికి ఎవరికైనా మిగిలేది తక్కువ.

ఇతర మహానగరాల్లో ఎంత స్థలానికి ఎంత కట్టవచ్చో ఎఫ్‌ఎస్‌ఐ అనే నిష్పత్తి నిర్ణయిస్తే, హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఆ పరిమితి లేకుండానే రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌ల (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్కతో అనుమతులు సాగాయి. భూమి ధర దానికి తగ్గట్టే ఎగిరింది. కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం 2021లో గరిష్ఠంగా రూ.60.2 కోట్లు పలికితే, 2023 ఆగస్టులో రూ.100.75 కోట్లకు చేరింది. ఆ ధరకు కొన్న ఎకరంలో 160 ఫ్లాట్లు కట్టారనుకుందాం. ఇటుక పేర్చకముందే ఒక్కో ఫ్లాటు మీద పడే భూమి ఖర్చు దాదాపు రూ.63 లక్షలు, కొన్నవారికి దక్కేది 30 గజాలు. కోకాపేటలో 30 గజాలు మరోచోట వంద గజాలతో సమానం కదా అనే వాదన ఉంది. కానీ వేలంలో బిల్డరు అంత ధర పెట్టింది ఖాళీ నేల మీద కట్టబోయే అంతస్తులకు. ఆ అంతస్తులు కట్టి అమ్మేశాక అదే నేలకు అదే విలువ కట్టడం సరికాదు.

యూడీఎస్ అనే మాట మన దగ్గర మరో రకంగానూ చెడిపోయింది. అనుమతులు రాకముందే, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకముందే, భూమిలో వాటా రిజిస్టర్ చేస్తామంటూ తక్కువ ధరకు మొత్తం సొమ్ము ఒకేసారి కట్టించుకున్న ప్రీ లాంచ్ వ్యాపారాలలో ఎన్నో కుటుంబాలు మునిగాయి. అందుకే ఆ మాట వింటే జనం భయపడతారు. భయపడవలసింది అనుమతి లేని అమ్మకానికే గాని, వాటా లెక్కకు కాదు.

అమ్మే రోజున ఈ నిర్లక్ష్యమంతా బయటపడుతుంది. పదేళ్ల ఫ్లాటును అమ్మజూపే కుటుంబానికి పక్కనే లేచే కొత్త టవరు పోటీ. కొత్తదానికి క్లబ్‌హౌసు హంగులు, వాయిదాల వెసులుబాటు ఉంటాయి. పాతదానికి లిఫ్టుల మరమ్మతులు, ఉమ్మడి నిధి (కార్పస్ ఫండ్) సరిపోక పెరిగే మెయింటెనెన్స్ ఉంటాయి, ధర నిలబెట్టవలసిన నేల వాటా చూస్తే కొద్ది గజాలే. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని ధరలో కొంత నగదుగా ఇచ్చినవారికి ఇంకో దెబ్బ: పత్రంలో లేని ఆ సొమ్ము కొనుగోలు ధర కింద లెక్కకు రాదు కాబట్టి, లేని లాభానికి పన్ను కట్టవలసి వస్తుంది.

2016 నాటి రెరా చట్టం మంచి పనే చేసింది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, ఉమ్మడి స్థలాలనూ కలిపే సూపర్ బిల్టప్ లెక్కలకు బదులు ఇంటి లోపలి కార్పెట్ ఏరియా చెప్పాలని, ప్రకటనలో రిజిస్ట్రేషన్ సంఖ్య వేయాలని నిర్బంధించింది. ఆ సంఖ్య పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ఒక్కో ఫ్లాటుకు వచ్చే గజాలెన్నో కూడా వేయాలని నియమం పెట్టడం కష్టమేమీ కాదు. లెక్క బిల్డరు దగ్గర ముందే ఉంటుంది. పదకొండో పేజీ నుంచి మొదటి పేజీకి తేవడమే మిగిలింది.